ఉత్తగ చూస్తరట!

మియాపూర్ దాటి ముంబై రహదారి మీద రామచంద్రాపురం, పటాన్‌చెరుల మీదుగా సంగారెడ్డి దాకా వెళ్తే ఇవాళ దారి పొడుగునా చర్మం, జుట్టు, నడుము, ముక్కు గురించిన బోర్డులు కనిపిస్తాయి. ఏది ఎంత సన్నబడుతుందో, ఏది ఎంత తెల్లబడుతుందో రాసి ఉంటుంది. అన్నిటి కిందా ఒకే మాట: కన్సల్టేషన్ ఉచితం. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనిచేసే అమ్మాయి దగ్గర్నుంచి కాలేజీలో పాఠం చెప్పే మనలాంటి వాళ్ళదాకా ఈ మాట చదువుతూనే ఉన్నాం. ఈ ప్రాంతపు భాషలో చెప్పాలంటే, "ఉత్తగ చూస్తరట!"

కాస్మెటిక్ ఆపరేషన్ చేయించుకోవాలనుకునే స్త్రీ డాక్టర్ని ఎలా ఎంచుకోవాలి, ముందు చూపించుకున్నందుకు ఫీజు కట్టాలా వద్దా అన్నది పైకి వినియోగదారుల శీర్షికలో వేసుకోవలసిన చిన్న ప్రశ్నలా ఉంటుంది. అందం కోసం కత్తి కింద పడుకోవడమేమిటని దాన్ని పక్కన పెట్టేసే స్త్రీవాదులూ మనలో ఉన్నారు. నాకు మాత్రం ఈ ప్రశ్న వెనక ఈ రహదారి చరిత్రే కనిపిస్తుంది. ఇక్కడి ఆడవాళ్ళను ఉచితంగా చూడటం ఇవాళ మొదలైంది కాదు. అలా చూసిన ప్రతిసారీ దాని ఖరీదు ఎక్కడో వసూలవుతూనే వచ్చింది.

1985లోకి వెళ్దాం. పటాన్‌చెరు అప్పటికే మారిపోతున్న ఊరు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్ వచ్చాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక పారిశ్రామికవాడలు మరింత జోరందుకున్నాయి. నక్కవాగు నీళ్ళు రంగు మారాయి, రైతులు రోడ్డెక్కారు, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుదాకా పోయింది. ఆ కథ చాలామంది రాశారు. స్థానిక డాక్టరు అల్లాణి కిషన్‌రావు వంటివారు దశాబ్దాల పాటు దాన్ని బతికించారు. అదే పటాన్‌చెరులో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో జరిగిన ఇంకో కథ స్త్రీల ఉద్యమ చరిత్రలో తప్ప మరెక్కడా పెద్దగా కనిపించదు.

నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని భారత వైద్య పరిశోధనా మండలి ఆ రోజుల్లో దేశంలోని ఆరోగ్య కేంద్రాల్లో ప్రయోగాత్మకంగా ఇస్తోంది. రెండు నెలలకొకసారి వేయించుకోవలసిన హార్మోను సూది అది. పటాన్‌చెరు కేంద్రానికి చుట్టుపక్కల ఊళ్ళ స్త్రీలను పిలిపించారు. సూది వేయించుకుంటే పిల్లలు పుట్టరని చెప్పారు. ఇది ప్రయోగమనీ, నెలసరి గతి తప్పవచ్చుననీ, తర్వాత పిల్లలు కావాలనుకుంటే ఏమవుతుందో కచ్చితంగా తెలియదనీ, వద్దనే హక్కు మీకుందనీ చెప్పలేదు. ఈ సంగతి తెలిసిన స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్ళి ఆ స్త్రీలతో మాట్లాడారు. విషయం తెలిశాక వచ్చినవాళ్ళలో చాలామంది సూది వేయించుకోకుండానే వెనుదిరిగారు.

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగాలి. పల్లెటూరి ఆడవాళ్ళకు చెప్పినా అర్థం కాదనీ, డాక్టరు ఏం చేయమంటే అది చేస్తారనీ మన చదువుకున్న లోకానికి ఒక గట్టి నమ్మకం. పటాన్‌చెరులో ఆ రోజు కావలసి వచ్చింది కాసేపు తెలుగులో మాట్లాడటం. వినగానే వాళ్ళు తమ లాభనష్టాలు లెక్కవేసుకున్నారు. ఒక నిర్ణయం తీసుకుని లేచి వెళ్ళిపోయారు. అసలైన కన్సల్టేషన్ అంటే అదే. అది జరిపింది డాక్టర్లు కాదు, సంఘం వాళ్ళు. దానికి ఎవరూ ఎవరికీ డబ్బివ్వలేదు. ప్రభుత్వం పరీక్షకీ సూదికీ సిబ్బందికీ డబ్బు లెక్క వేసింది గానీ, వివరించి చెప్పడానికి పట్టే సమయానికి ఏ పద్దులోనూ చోటివ్వలేదు.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలి తదితర సంఘాలు కలిసి సుప్రీంకోర్టులో పిటిషన్ వేశాయి. అది పద్నాలుగేళ్ళు నడిచింది. నెట్-ఎన్‌ని కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో మూకుమ్మడిగా వాడటం మంచిది కాదని, వివరంగా చెప్పి తర్వాత కనిపెట్టుకుని ఉండగలిగే చోటే వాడాలని ప్రభుత్వమే ఒప్పుకున్నాక 2000లో ముగిసింది. 2017లో వేరే ఇంజెక్షన్, డీఎంపీఏ, ‘అంతర’ పేరుతో ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. అంటే సూది ఆగలేదు. చెప్పి వేయాలన్న షరతు మాత్రం కాగితం మీదికి ఎక్కింది, ఆ షరతుకి పుట్టిల్లు పటాన్‌చెరు.

అదే రహదారి మీద ఇంకా ముందుకు, సదాశివపేట దాటి వెళ్తే మునిపల్లి మండలం వస్తుంది. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. 2000ల చివర్లో డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ తమ లైఫ్-హెచ్ఆర్‌జి సంస్థ తరఫున ఇక్కడి స్త్రీల ఆరోగ్యాన్ని పరిశీలిస్తూ ఒక విషయాన్ని బయటపెట్టారు. వ్యవసాయ కూలీ కుటుంబాల స్త్రీలు చిన్న వయసులోనే, అవసరం లేకుండా గర్భసంచి తీసేయించుకుంటున్నారు. నలభైలు, యాభైలు దాటినవాళ్ళ సంగతి కాదిది, ముప్పైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళ సంగతి.

ఎలా జరిగేదో ఈ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. తెల్లబట్టనో, నడుం నొప్పో, నెలసరిలో ఎక్కువ రక్తమో అని ఆడమనిషి ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గరికి పోతుంది, లేదా ఏ సంఘమో ఆస్పత్రో పెట్టిన ఉచిత శిబిరానికి పోతుంది. అక్కడ ఉత్తగ చూస్తారు. స్కానింగు తీయిస్తారు. "గర్భసంచికి పుండైంది, తీసేయకపోతే క్యాన్సరయితది" అంటారు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే ఇద్దరు పిల్లల్ని కని కు.ని. ఆపరేషన్ చేయించుకున్న స్త్రీకి ఆ సంచితో ఇక పనేముంది అనే మాట అందరి నోటా సిద్ధంగా ఉంటుంది: డాక్టరు నోట, అత్త నోట, కొన్నిసార్లు ఆమె నోట కూడా. ముట్టు అయిదు రోజులు కూలీ పోతుందన్న బాధ కూడా తప్పుతుంది. పంపినందుకు ఆర్ఎంపీకి ఆస్పత్రి కమిషన్ ఇస్తుంది. ఆపరేషన్ ఖర్చుకి ఇంట్లో పుస్తెలో, గొడ్డో, అప్పో. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే స్థితి ఒక్కసారిగా మీద పడుతుంది. ఒళ్ళంతా ఆవిర్లు, ఎముకల బలహీనత, పని చేయలేకపోవడం. ఇవేవీ బల్ల ఎక్కే ముందు ఎవరూ చెప్పరు.

2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదలకు కార్పొరేట్ వైద్యం అందించిన పథకంగా దాని మేలు తక్కువది కాదు. కానీ గర్భసంచి ఆపరేషన్లకు ఆ పథకంలో ప్రైవేటు ఆస్పత్రులు డబ్బు తీసుకోగలిగినంత కాలం రోగి జేబుకు బదులు ప్రభుత్వ ఖజానా ఆ కోతకి డబ్బు కట్టింది. విమర్శలు ఎక్కువయ్యాకే ఈ ఆపరేషన్‌ని పథకంలో ప్రభుత్వ ఆస్పత్రులకు పరిమితం చేశారు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయం తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అభివృద్ధిలో ముందున్నామని చెప్పుకునే మనం దీనిలోనూ ముందున్నాం. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసరపు తొలగింపుల కేసులో, కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

గర్భసంచికీ ముక్కుకీ ఏం పోలిక అని అడగవచ్చు. ఒకటి జబ్బు భయంతో, ఇంకోటి అందం ఆశతో. కానీ చేతికి అందిన ఆడమనిషిని బల్ల మీదికి నడిపించే తీరు ఒకటే. ముందు ఒక లోపాన్ని చూపించాలి. అది సహజమే, ఏం ఫరవాలేదు అని చెప్పే మనిషి ఆ గదిలో లేకుండా చూడాలి. లోపలికి రావడానికి డబ్బు అడగకూడదు. 1954లో చేసిన మందుల, మంత్ర చికిత్సల ప్రకటనల చట్టం ఈ పోలికను మనకంటే ముందే పట్టుకుంది. ఏయే బాధలు నయం చేస్తామని ప్రకటనలు వేయకూడదో చెప్పే ఆ చట్టపు జాబితాలో గర్భాశయ వ్యాధులు, ముట్టు దోషాలు, స్థూలకాయం, స్తనాల ఆకృతి అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. ఆడదాని శరీరం గురించిన సిగ్గుని డబ్బు చేసుకోవడం ఎంత తేలికో ఆనాటి చట్టకర్తలకు తెలుసు. అయితే ఆ చట్టం మందులకీ తాయెత్తులకీ వర్తిస్తుంది. కత్తి గురించి అప్పుడు ఎవరూ ఊహించలేదు.

కాస్మెటిక్ సర్జరీ అంతా పితృస్వామ్యం పన్నిన వల అని తేల్చేసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఫ్రాన్స్‌లో సుజాన్ నోయెల్ అనే ఆవిడ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు చేసే ఆపరేషన్లలో పనిచేసి, ఆ నేర్పుని స్త్రీల ముఖాల మీదికి తెచ్చింది. స్త్రీలకు ఓటు హక్కు కోసం పోరాడింది. 1924లో పారిస్‌లో యూరప్‌లోని మొదటి సొరాప్టిమిస్ట్ క్లబ్బు పెట్టింది. 1926లో అచ్చయిన ఆమె పుస్తకం సౌందర్య శస్త్రచికిత్సకి ఒక సామాజిక పాత్ర ఉందని వాదించింది. ముఖం మీద ముడతలు పడితే పని ఇవ్వని లోకంలో పనిచేసి బతకవలసిన స్త్రీకి ముఖం కూడా ఒక పనిముట్టే అన్నది ఆమె తర్కం. మార్చవలసింది లోకాన్నే గానీ ముఖాన్ని కాదు అని మనం అనవచ్చు. అద్దె కట్టవలసిన స్త్రీ అంతదాకా ఆగలేదు కదా. 2015 జూన్‌లో తెలుగు సినిమా నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళకే చనిపోయింది. అంతకు కొన్ని వారాల ముందు కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకుందని తెలిశాక, ఆమె బరువు గురించి అన్నేళ్ళు రాసిన చేతులే ఆమె తొందరపాటు గురించి రాశాయి.

కాబట్టి చేయించుకోవాలా వద్దా అన్నది ఆ స్త్రీ నిర్ణయం. ఆ నిర్ణయానికి కావలసిన మాట ఆమెకి ఎక్కడ దొరుకుతుంది? 1990ల మొదట్లో హైదరాబాద్ స్త్రీలు కలిసి తెచ్చిన ఆరోగ్య పుస్తకానికి ‘సవాలక్ష సందేహాలు’ అని పేరు పెట్టడంలో ఎంతో ఆలోచన ఉంది. సందేహం అడగడానికి చోటు, చెప్పడానికి ఓపిక, ఈ రెంటినీ కన్సల్టేషన్ అంటారు. మిగతాది కొలతలు తీసుకోవడం.

క్లినిక్కులో ఉచితంగా కూర్చోబెట్టి మాట్లాడేది చాలాసార్లు సర్జను కాదు. కౌన్సెలర్ అనే పేరుతో ఉండే ఉద్యోగి. ఆమె కూడా మనలాంటి జీతగత్తే, ఎందరిని ఒప్పిస్తే అంత ప్రోత్సాహకం అనే షరతు మీద పనిచేసే మనిషి. ప్యాకేజీ, ఈరోజు కడితేనే తగ్గింపు, నెలసరి వాయిదాలు. సర్జను ముఖం ఆపరేషన్ రోజు కనిపిస్తుంది. చూసినందుకు రూపాయి తీసుకోని చోట ఆదాయమంతా కోయడం నుంచే రావాలి. "నీకిది అక్కర్లేదమ్మా, ఇంటికి పో" అన్న ప్రతి మాటా ఆ క్లినిక్కుకి నష్టం. ఆ నష్టాన్ని రోజూ భరించే వ్యాపారాన్ని నేనెక్కడా చూడలేదు.

వైద్యుల నడవడి గురించి భారత వైద్య మండలి 2002లో చేసిన నియమాలు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాయి. (2023 ఆగస్టులో కొత్తవి తెచ్చి, ఆ నెలలోనే పక్కన పెట్టి, మళ్ళీ పాతవాటికే వచ్చారు.) రోగుల్ని ప్రకటనలతో ఆకర్షించకూడదు. రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఫీజు ఎంతో చికిత్సకు ముందే చెప్పాలి, మధ్యలో కాదు. ఉచితంగా చూడకూడదని ఆ నియమాల్లో లేదు. కానీ ఉచితం అని బోర్డు పెట్టి పిలిస్తే అది దయ కిందికి రాదు, పిలుపు కిందికి వస్తుంది.

ఇంకో పిడకల వేట. ఉచితంగా చూపించుకున్నాక ఏదైనా జరిగితే వినియోగదారుల ఫోరంకి వెళ్ళే హక్కు ఉండదని కొందరు భయపెడతారు. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే చోటు మాత్రమే ఆ చట్టం బయట ఉంటుంది. కొందరి దగ్గర తీసుకుని కొందరికి ఉచితంగా చేస్తే, ఉచితంగా చేయించుకున్నవాళ్ళకీ హక్కు ఉంటుంది. ఆపరేషన్‌కి లక్షలు తీసుకునే క్లినిక్కు కన్సల్టేషన్‌ని ఉచితమన్నంత మాత్రాన తప్పించుకోలేదు. విషాదమేమంటే ఇదే తీర్పు ప్రకారం, నాలుగు రూపాయలు కూడా లేక పూర్తి ఉచిత ప్రభుత్వ ఆస్పత్రికి పోయిన స్త్రీకి ఆ ఫోరం తలుపు మూసి ఉంటుంది. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆస్పత్రి శిబిరంలో ఒక్కరోజులో 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేశారు, తర్వాత నలుగురు చనిపోయారు.

సమ్మతి మీద 2008 జనవరిలో వచ్చిన సమీరా కోహ్లీ తీర్పుని ప్రతి ఆడమనిషీ తెలుసుకోవాలి. పరీక్ష కోసమని మత్తు ఇచ్చిన 44 ఏళ్ళ అవివాహిత గర్భాశయాన్నీ అండాశయాలనూ, బయట కూర్చున్న తల్లిని అడిగి, అదే మత్తులో తీసేశారు. తెలివి రాగానే అడగవలసింది ఆమెనే గానీ తల్లిని కాదని, పరీక్షకి ఇచ్చిన సమ్మతి తొలగింపుకి చెల్లదని కోర్టు అంది. ఆపరేషన్ ఫీజు డాక్టరుకి దక్కదంది. పరిహారం మాత్రం 25 వేలే ఇప్పించింది. సూత్రం గొప్పది, ధర తక్కువ.

ఇంతా చెప్పి, ఫీజు పెట్టాలి అని తేల్చేయడం తేలిక. రోజు కూలీ మీద కంపెనీలో పనిచేసే స్త్రీకి ఒక డాక్టరు ఫీజే రెండు రోజుల తిండి. ఇద్దరు డాక్టర్ల దగ్గర చూపించుకుని పోల్చుకోండి అని ఆమెకు చెప్పడం వెక్కిరింపు అవుతుంది. పైగా మునిపల్లి ఆడవాళ్ళను కోసిన ప్రైవేటు డాక్టర్లలో ఫీజు తీసుకుని చూసినవాళ్ళు లేరా? ఉన్నారు. ఫీజు నీతికి పూచీ కాదు.

ఉచితంలో రెండు రకాలున్నాయి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. నిందితులు ముగ్గురినీ పోలీసులు ఎన్‌కౌంటర్ పేరిట చంపారు. ఆ ఎన్‌కౌంటర్ గురించి రాసినన్ని పేజీలు కాలిన ముఖానికి ఎన్నిసార్లు చర్మం అతకాలో, దానికి ఎవరు డబ్బు కడతారో రాయలేదు. ఒక అమ్మాయి ఆ నెలలోనే చనిపోయింది. 2013లో చట్టం మారింది, 2015 ఏప్రిల్‌లో లక్ష్మి కేసులో సుప్రీంకోర్టు యాసిడ్ బాధితులకు ప్రైవేటు ఆస్పత్రులు సైతం, ముఖాన్ని తిరిగి నిలబెట్టే ఆపరేషన్లతో సహా, ఉచితంగా చికిత్స చేయాలంది. ఈ ఉచితం హక్కు. ఈఎస్ఐ కూడా అలాంటిదే. రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రిలో డాక్టరు ఉచితంగా చూడడు. కార్మికురాలి జీతంలోంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం ముందే కట్టించుకుని చూస్తాడు. కాంట్రాక్టరు ఆమె పేరు రాయకపోతే ఆ తలుపూ ఉండదు. 2025 జూన్ 30న పాశమైలారం మందుల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయినప్పుడు, లోపల ఎవరెవరు ఉన్నారన్న లెక్క తేలడానికే రోజులు పట్టింది. కాలిన గాయాలతో బయటపడినవాళ్ళకి కావలసింది కూడా ప్లాస్టిక్ సర్జనే. నడుము సన్నబరిచే చదువూ, కాలిన చేతిని ముడుచుకోకుండా కాపాడే చదువూ ఒకటే: ఎంసీహెచ్, లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జరీ. క్లినిక్కుకి పోయే ముందు చూడవలసిన మొదటి విషయం ఆ అక్షరాలు. కాస్మెటాలజిస్టు అన్న పదం వాటికి బదులు కాదు.

ఉస్మానియా ఆస్పత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో ఉదయం ఓపీ చీటీ రాయించుకుని, గంటలు నిలబడి, జీతం మీద పనిచేసే సర్జనుకి చూపించుకోవచ్చు. ఆయన కోసినా కోయకపోయినా నెలాఖరుకు వచ్చేది ఒకటే జీతం. ఉచిత కన్సల్టేషన్‌కి అంతకన్నా మంచి చోటు నాకు తోచడం లేదు. ఆయనకు మన కోసం పది నిమిషాలు లేకపోవడమే అక్కడి లోటు, అడగవలసింది ఆ నిమిషాల్ని. ప్రైవేటుకే పోదలచుకున్న స్త్రీ, కట్టగలిగితే ఫీజు కట్టి, ఆపరేషన్ మీతో చేయించుకోను, సలహా మాత్రమే కావాలి అని ముందే చెప్పి ఒకరికి చూపించుకోవడం మేలు. తర్వాత బోర్డు పెట్టిన క్లినిక్కుకి వెళ్ళాలనుకుంటే వెళ్ళవచ్చు. కౌన్సెలర్ని కాదు, సర్జన్నే కూర్చోబెట్టి అడగవచ్చు: పోయిన నెల మీ దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళలో ఎందరికి, నీకిది అక్కర్లేదని చెప్పి పంపారు?